ఓడ క్యాబిన్‌లో బాత్రూము: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండే చోటు నుంచి అమెరికాలో టెక్సస్ తీరాన ఉన్న గాల్వెస్టన్ రేవు కారులో గంట దూరం. ఆ పుణ్యాన ఇప్పటికి ఏడుసార్లు ఓడెక్కాం. రెండుసార్లు రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నలు కూడా మాతో ఉన్నారు. తెలిసినవాళ్లెవరు క్రూయిజ్ బుక్ చేసుకున్నా మాకు ఫోన్ చేస్తారు. ముందు వీసా సంగతి, తర్వాత శాకాహారం దొరుకుతుందా, వాంతులవుతాయా అని అడుగుతారు. ఇక పెట్టేస్తారనగా గొంతు తగ్గించి, "అన్నట్టు, బాత్రూము ఎలా ఉంటుందండీ?" అంటారు. అసలు ఫోన్ చేసింది దానికోసమేనని నాకు ఇప్పుడు బాగా తెలుసు. ఆ ఫోన్లలో పదేపదే వచ్చిన ప్రశ్నలూ నేను చెప్పే జవాబులూ ఇవి.

బాత్రూము నిజంగా అంత ఇరుకా?

ఇరుకే. మామూలు క్యాబిన్‌లో షవర్ నిలబడే చోటు సుమారు రెండున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు. ఇంట్లో నేల మీద సుద్దముక్కతో ఆ కొలతకు గడి గీసి, మధ్యలో నిలబడి వీపు రుద్దుకుంటున్నట్టు చేతులు తిప్పి చూడండి. మోచేతులు గీత దాటుతాయి. ఓడలో ఆ గీత ఉన్నచోట గోడ ఉంటుంది. షవర్ పక్కన కమోడ్, దాని పక్కన సింకు, సింకు మీద అద్దం, అటూఇటూ చిన్న అరలు. ఒకరు పళ్లు తోముకుంటుంటే రెండోవాళ్లు గుమ్మం బయటే.

అయితే రైలు బాత్రూముతో పోల్చుకుని బెంగపడకండి. శుభ్రంగా ఉంటుంది, గది చూసే అటెండెంట్ రోజూ కడుగుతాడు, వేడినీళ్లు ఎప్పుడూ వస్తాయి. అంగుళం కూడా వృథా కాకుండా ఉండటానికి కారణం ఇది కట్టే పద్ధతి. చాలా ఓడల్లో బాత్రూమును ఓడలో కట్టరు. ఫిన్లాండ్‌లో తుర్కు నగరం దగ్గర పీకియో అనే ఊరుంది. అక్కడి ఫ్యాక్టరీలో క్యాబిన్‌ను బాత్రూముతో సహా ఒక పెట్టెలా తయారుచేసి, తీసుకెళ్లి ఓడ చట్రంలోకి సొరుగులా తోసేస్తారు. టైల్సు, అద్దం, కమోడ్ అన్నీ ముందే బిగించి ఉంటాయి. వేల పెట్టెలు ఒకే అచ్చులో రావాలి, కాబట్టి మన బాత్రూమూ పక్కగది బాత్రూమూ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి.

డబ్బు ఎక్కువ పెట్టి బాల్కనీ గది తీసుకుంటే బాత్రూము పెద్దదవుతుందా?

చాలా ఓడల్లో కాదు. కిటికీ లేని లోపలి గదికీ బాల్కనీ గదికీ బాత్రూము దాదాపు ఒకటే. సూట్ అనే పెద్ద గదులకు వెళ్తేనే తేడా కనిపిస్తుంది, అక్కడ రెండు సింకులు, స్నానపు తొట్టి వస్తాయి. కేవలం స్నానం కోసమైతే ఆ డబ్బు దండగ. సముద్రం చూడటానికైతే మీ ఇష్టం.

షవర్‌కు కర్టెన్ ఉంటుందా, తలుపు ఉంటుందా?

ఓడ వయసును బట్టి. పాత ఓడల్లో కర్టెన్ ఎక్కువ. కొత్తవాటిలో గాజు తలుపులు, లేదా అర్ధచంద్రాకారంలో జరిగే ప్లాస్టిక్ తలుపులు ఉంటాయి.

కర్టెన్ ఉన్న షవర్ గురించి వినే ఉంటారు. నీళ్లు తిప్పగానే ఆ తెర లోపలికి వచ్చి చల్లగా, జిగటగా ఒంటికి అతుక్కుంటుంది. షవర్ ధార తనతోపాటు గాలిని కదిలిస్తుంది, లోపల గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది, బయటి గాలి తెరను లోపలికి నెడుతుంది. ఇంట్లో పెద్ద బాత్రూములోనూ ఇది జరుగుతుంది కానీ అక్కడ పక్కకు జరగడానికి చోటుంటుంది. ఇక్కడ ఎటు జరిగినా తెరే. నేను చేసే పని ఇది: స్నానం మొదలుపెట్టే ముందే తెర రెండు అంచుల మీదా నీళ్లు కొట్టి గోడకు అతికిస్తాను, కింది అంచు గట్టు లోపలి వైపు ఉండేలా చూస్తాను. కొన్ని ఓడల్లో షవర్ గోడలు కూడా ఇనుప రేకువే. అలాంటిచోట రెండు చిన్న అయస్కాంతాలతో తెరను గోడకు నొక్కి ఉంచవచ్చు. కింది అంచు బయట ఉండిపోయిందా, కమోడ్ ముందు చెరువవుతుంది.

గాజు తలుపులు హాయి. లావుగా ఉన్నవాళ్లకు మాత్రం ఆ జరుగుడు తలుపుల సందు ఇబ్బందే. తెరైతే కాస్త సాగుతుంది, గాజు సాగదు.

మన దేశంలో చాలామందికి మొదటి ఓడ కార్డేలియా అనే క్రూయిజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్. 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి మొదలైంది, 2022లో చెన్నై, విశాఖల నుంచీ తిరిగింది. ఆ పేరు కొత్తదే కానీ ఓడ 1990 నాటిది. నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ఫ్రాన్సులోని సెయింట్ నజేర్‌లో తయారైంది. ఆ తరం ఓడల్లో గదులే చిన్నవి, బాత్రూములు ఇంకా చిన్నవి. దాంట్లో ఒకసారి తిరిగి వచ్చి "క్రూయిజ్ అంటే ఇంతేనా" అని తేల్చేయకండి. ముప్పై ఏళ్ల తేడా ఉన్న రెండు ఓడల మధ్య చాలా మారింది.

జెట్ స్ప్రే ఉంటుందా?

గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇదే. ఉండదనే అనుకుని బయలుదేరండి.

అమెరికా, యూరప్ కంపెనీల ఓడల్లో మామూలు క్యాబిన్లలో కమోడ్ పక్కన టాయిలెట్ పేపరు చుట్ట తప్ప మరేమీ ఉండదు. షవర్ మాత్రం సాధారణంగా చేతిలోకి తీసుకునే రకమే. గొట్టం చూడగానే మనవాళ్లకు ఆశ పుడుతుంది. అది కమోడ్ దాకా అందడం తక్కువ. అందినా వద్దు. కమోడ్ చుట్టూ నేల అన్ని నీళ్ల కోసం చేసింది కాదు, పైగా అరగంట తర్వాత అదే షవర్ కింద పిల్లలు నిలబడతారు.

మగ్గు పట్టుకెళ్లడం సులభం. కానీ ఒక చిక్కుంది, మొదటిసారి నాకూ తట్టలేదు. ఓడ సింకులు లోతు తక్కువ, కొళాయి పొట్టిది. మన మగ్గు దాని కింద పట్టదు, షవర్ దగ్గర నింపుకోవాలి. అందుకే ఇప్పుడు మేము వంకర మూతి ఉన్న, నొక్కితే నీళ్లు చిమ్మే ప్లాస్టిక్ సీసాలు తీసుకెళ్తున్నాం. బాలింతలకు ఆసుపత్రిలో ఇచ్చే రకం. వంచి పట్టుకుంటే సింకులోనే నిండుతుంది, పెట్టెలో చోటు తినదు, నేల తడవదు. మనిషికొకటి, రంగు వేరువేరు.

నీళ్ల గొట్టానికి బిగించుకునే బిడేలు దుకాణాల్లో దొరుకుతున్నాయి కదా, అవి తీసుకెళ్లొచ్చా అని ఒకాయన అడిగారు. వద్దండీ. ఓడ గొట్టాల మీద స్పానరు పెట్టే హక్కు మనకు లేదు. రాత్రి ఆ బిగింపు ఊడితే ముందు మీ కార్పెట్, తర్వాత కింది గదివాళ్ల పైకప్పు తడుస్తాయి. బిల్లు మీకే వస్తుంది.

బకెట్ ఇస్తారా?

గదిలో ఉండదు. పెట్టడానికి చోటూ ఉండదు. మోకాళ్ల నొప్పుల వల్ల కూర్చుని స్నానం చేసే పెద్దవాళ్లుంటే షవర్ స్టూలు అడగండి, దాని గురించి కింద చెబుతాను.

కమోడ్ అంత శబ్దం చేస్తుందేమిటి?

మీట నొక్కాక ఒక క్షణం ఏమీ జరగదు. పాడైందేమో అనుకునేలోపు పెద్ద సింహం నిట్టూర్చినట్టు ఒక్కసారి లాగేస్తుంది. విమానంలో విన్నదే. వందే భారత్ ఎక్కినవాళ్లు అక్కడా వినే ఉంటారు.

ఇంటి కమోడ్ నీళ్ల బరువుతో తోస్తుంది. ఓడ కమోడ్ గాలితో లాగుతుంది. గొట్టాల్లో పంపులు ఎప్పుడూ గాలి ఒత్తిడి తగ్గించి ఉంచుతాయి. మీట నొక్కితే కవాటం తెరుచుకుని, గదిలోని గాలి లోపలికి దూసుకెళ్తూ అంతా పట్టుకుపోతుంది. అందుకు ఒక లీటరు, అటూఇటూగా, నీళ్లు చాలు. ఇంట్లో అయితే ఆరేడు లీటర్లు పోతాయి. ఓడకు ఈ పద్ధతి కావడానికి కారణాలున్నాయి. వాలుగా పారే గొట్టాలు ఊగే ఓడలో నమ్మకంగా పారవు. లాగే గొట్టమైతే సన్నగా ఉండొచ్చు, పైకి కూడా ఎక్కొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు తక్కువైతే మురుగు తక్కువ. ఆ మురుగును ఓడ మోయాలి, శుద్ధి చేయాలి. మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం శుద్ధి చేయని మురుగును తీరానికి 12 నాటికల్ మైళ్ల లోపల వదలకూడదు.

మీరు గుర్తుంచుకోవాల్సింది: కూర్చుని ఉండగా మీట నొక్కకండి. లేచి, మూత వేసి నొక్కండి. శబ్దమూ తగ్గుతుంది, తుంపరా ఎగరదు. చిన్నపిల్లలు మొదటి రోజు జడుసుకుంటారు. మా చిన్నది రెండు రోజులు "నువ్వే నొక్కు" అని పరుగెత్తేది. మూడో రోజు నుంచి ఊరికే నొక్కడం మొదలుపెట్టింది, అదొక బాధ.

అందులో ఏమేం వేయకూడదు?

శరీరం నుంచి వచ్చిందీ, అక్కడిచ్చిన టాయిలెట్ పేపరూ తప్ప ఏదీ వేయకూడదు. వెట్ వైప్స్ అనే తడి కాగితాలు, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, మిగిలిన అన్నం, పండ్ల తొక్కలు అన్నీ చెత్తబుట్టలోకే. వైప్స్ ప్యాకెట్ మీద కమోడ్‌లో వేయొచ్చని రాసి ఉంటుంది, నమ్మకండి. గొట్టం సన్నం, మలుపులెక్కువ. పైగా మీ కమోడ్ ఒంటరిది కాదు, పైనా కిందా గదులవి కూడా అదే గొట్టానికి కలుస్తాయి. ఒకరు వేసిన ఒక్క వైప్‌తో మొత్తం వరస ఆగిపోతుంది.

ఫ్లష్ పనిచేయకపోతే?

ముందు మూత సరిగ్గా వేసి మళ్లీ నొక్కండి. కొద్ది నిమిషాలు ఆగండి, చాలాసార్లు గొట్టంలో లాగే శక్తి తగ్గి, తిరిగి వస్తుంది. అప్పటికీ కదలకపోతే రిసెప్షన్‌కు ఫోన్ చేయండి. సిగ్గుపడి ఊరుకోకండి, బకెట్లతో నీళ్లు పోయకండి, హ్యాంగరు పెట్టి పొడవకండి. ఈలోపు నడిచే దారుల్లో, రెస్టారెంట్ల దగ్గర బోలెడన్ని టాయిలెట్లుంటాయి. నిజానికి అవి గదిలోదానికన్నా విశాలం.

ఇదంతా కరెంటు మీద నడిచే యంత్రాంగం. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడ ఇంజిన్ గదిలో మంటలు రేగి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నిలిచిపోయింది. బయలుదేరింది మా గాల్వెస్టన్ నుంచే. నాలుగు వేలకు పైగా మనుషులు. కరెంటు లేక గాలి పంపులు ఆగాయి, కమోడ్లు ఆగాయి. అలబామాలోని మొబైల్ రేవుకు లాక్కొచ్చేదాకా జనం సంచుల్లో కానిచ్చుకున్నారు. మా ఊళ్లో ఇప్పటికీ క్రూయిజ్ మాటెత్తితే ఎవరో ఒకరు ఆ కథ తీస్తారు. అలాంటిది అరుదు, దానికి భయపడి మానుకోవాల్సిన పనేమీ లేదు.

వేడినీళ్లు సరిపడా వస్తాయా? అసలు ఆ నీళ్లెక్కడివి? తాగొచ్చా?

వస్తాయి, తెల్లవారుజామున మూడింటికైనా వస్తాయి. మడి స్నానం చేసే అత్తగారున్నవాళ్లు నిశ్చింతగా ఉండండి. ధార కూడా మన అపార్ట్‌మెంట్ల కన్నా గట్టిగానే ఉంటుంది. చాలాచోట్ల ఒక పిడి ధారకు, ఇంకొకటి వేడికి. వేడి పిడి 38 డిగ్రీల గీత దగ్గర ఆగుతుంది. అంతకన్నా వేడి కావాలంటే పిడి మీద చిన్న బొత్తాం నొక్కి పట్టుకుని తిప్పాలి. మా నాన్న రెండు రోజులు "నులివెచ్చగా వస్తున్నాయిరా" అని సణిగింది ఆ బొత్తాం తెలియకే.

నీళ్లలో కొంత రేవులో నింపుకుంటారు, ఎక్కువ భాగం సముద్రపు నీటి నుంచే తయారుచేస్తారు. ఇంజిన్ల వేడితో ఉప్పునీటిని ఆవిరి చేసి చల్లార్చడం ఒక దారి, మన ఆర్వో పద్ధతిలో పొరల గుండా పంపడం మరొకటి. తర్వాత ఖనిజాలు, క్లోరిన్ కలుపుతారు. బాత్రూము కొళాయి నీళ్లు తాగొచ్చు. క్లోరిన్ వాసన నచ్చనివాళ్లు భోజనాల హాల్లో సీసా నింపుకుంటారు. ఉప్పగా మాత్రం ఉండవు. ఈ ప్రశ్న నన్ను కనీసం పదిమంది అడిగారు.

పెద్దవాళ్లను తీసుకెళ్తున్నాం. వాళ్లకు బాత్రూములో ఇబ్బందేమైనా ఉందా?

మిగతావన్నీ అలవాటు సంగతులు. ఇది మాత్రం బుక్ చేసే ముందే ఆలోచించాల్సింది.

ఓడ బాత్రూముకు గడప ఉంటుంది. మన ఇళ్ల గడప లాంటిదే, కొన్నిచోట్ల జానెడు ఎత్తు. ఓడ ఒరిగినప్పుడు బాత్రూములో చిందిన నీళ్లు గది కార్పెట్ మీదకు రాకుండా కట్టిన కట్ట అది. షవర్‌కు మళ్లీ ఇంకో చిన్న గట్టు. గడప తొక్కకూడదని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పిన మా అమ్మే మొదటి రాత్రి దానికి తన్నుకుని బొటనవేలి గోరు ఊడగొట్టుకుంది. మంచు ముక్కలు పెడుతుంటే, "ఒరేయ్, ఇంత గడప ఉందని చెబితే పసుపు రాసేదాన్ని కదరా, కనీసం కనబడేది" అంది. అందులో నిజం లేకపోలేదు. గడప, నేల ఒకే రంగు. లోపలి గదిలో దీపం ఆర్పితే చెయ్యి కూడా కనిపించదు. అప్పటినుంచి మనిషి కదిలితే వెలిగే చిన్న బ్యాటరీ దీపం ఒకటి తీసుకెళ్లి గడప దగ్గర అంటిస్తున్నాం. క్యాబిన్ గోడలు సాధారణంగా ఇనుప రేకువి, వెనుక అయస్కాంతం ఉన్న దీపం ఇట్టే పట్టుకుంటుంది.

రెండోసారి నాన్నకు మోకాలి ఆపరేషన్ అయి ఏడాది. ఓడవాళ్లు తక్కువ డబ్బుకు పెద్ద గది ఇస్తామంటే ఎగిరి గంతేసి తీసుకున్నాను. వెళ్లి చూస్తే అందులో షవర్ గది లేదు, స్నానపు తొట్టి ఉంది. దాని అంచు నాన్న మోకాలంత ఎత్తు. ఆయన ఆ వారమంతా నా భుజం పట్టుకుని తొట్టిలోకి దిగారు. పెద్ద గది తీసుకుని తండ్రిని ఇబ్బంది పెట్టినవాణ్ని నేనే. కాబట్టి గది మార్పు ఇస్తామన్నప్పుడు ముందు అడగాల్సింది తొట్టా, షవరా అని.

సరిగ్గా నడవలేనివాళ్లకు, చక్రాల కుర్చీ వాడేవాళ్లకు ప్రత్యేకమైన క్యాబిన్లుంటాయి. తలుపు వెడల్పు, గడప ఉండదు లేదా చిన్న వాలు ఉంటుంది, షవర్‌లోకి కుర్చీతోనే వెళ్లొచ్చు, గోడకు మడత పీట, చుట్టూ పట్టుకోవడానికి కడ్డీలు. ప్రతి ఓడలోనూ ఇవి కొన్నే, ముందే అయిపోతాయి. నెలల ముందు అడగాలి. అవసరం ఉన్నట్టు ఒక ఫారం కూడా నింపాలి. చోటు ఎక్కువగా ఉంటుందని ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దాన్ని తీసుకోవడం నాకు నచ్చదు.

అంత అవసరం లేకపోతే మామూలు గదే తీసుకుని షవర్ స్టూలు, రబ్బరు చాప కావాలని బయలుదేరే ముందే రాసి పంపండి. ఎక్కాక అడిగితే అప్పటికే ఎవరో పట్టుకుపోయి ఉండొచ్చు. స్టూలు వేస్తే ఆ రెండున్నర అడుగుల్లో పడుతుందా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. ఇంకోటి, తువ్వాళ్లు ఆరేసే కడ్డీ పట్టుకుని లేవొద్దని పెద్దవాళ్లకు చెప్పండి. అది మనిషి బరువుకు బిగించింది కాదు.

సముద్రం ఊగుతున్నప్పుడు స్నానం చేయొచ్చా?

చేయొచ్చు, ఒక చెయ్యి ఎప్పుడూ కడ్డీ మీద ఉండాలి. ముఖానికి సబ్బు పెట్టుకుని కళ్లు మూసుకున్నప్పుడే తూలుతాం, కాబట్టి వీపు గోడకు ఆనించండి. ఇరుకు షవర్‌కున్న ఒకే ఒక్క లాభం ఇక్కడ తెలుస్తుంది, పడటానికి చోటుండదు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ.

తలంటు పోసుకోవచ్చా?

పోసుకోవచ్చు కానీ నూనె సంగతి చూసుకోండి. ఒంటికి నువ్వులనూనె పట్టించి ఆ నేల మీద నిలబడితే జారుడుబల్లే. తలకు మాత్రం రాసుకుని షాంపూతో కడిగేసుకోవడం మేలు. సున్నిపిండి, కుంకుడుకాయ రసం ఇంట్లోనే ఉంచండి. పిండీ, నూనే, పొడుగు జుట్టూ కలిస్తే షవర్ జాలీ మూసుకుపోయి నీళ్లు చీలమండల దాకా నిలుస్తాయి. మా ఆవిడ స్నానం కాగానే జాలీ మీది జుట్టు తీసి చెత్తబుట్టలో వేస్తుంది. చిన్నపనే, వారమంతా సుఖం.

గోరింటాకు, పసుపు, జుట్టు రంగు తెల్ల తువ్వాళ్లకు అంటితే పోవు, డబ్బు కట్టమనొచ్చు. పాత తువ్వాలు ఒకటి పెట్టెలో వేసుకోండి.

సబ్బు, షాంపూ ఇస్తారా?

షవర్ గోడకు బిగించిన సీసాల్లో షాంపూ, ఒంటి సబ్బు ఉంటాయి. కండిషనర్, టూత్‌పేస్టు, బ్రష్షు మీవే. తువ్వాళ్లు రోజూ ఇస్తారు. నేల మీద వేస్తే మార్చమని, కడ్డీకి వేస్తే మళ్లీ వాడతామని అర్థం.

హెయిర్ డ్రయర్, ఇతర ప్లగ్గులు?

బాత్రూములో ఉండేది షేవర్‌కు పనికొచ్చే చిన్న సాకెట్ మాత్రమే. డ్రయర్ గదిలో, అద్దం ముందున్న సొరుగులో ఉంటుంది. దాన్ని బాత్రూములోకి లాగొద్దు. నీళ్లు కాచుకునే కాయిలు, ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ ఎక్కేచోటే తీసేసుకుంటారు. స్నానం కాగానే దీపం పెట్టే అలవాటున్నవాళ్లకు: అగరబత్తి, కర్పూరం, కొవ్వొత్తి వీల్లేదు. ఓడలో అన్నిటికన్నా పెద్ద భయం నిప్పే. మా అమ్మ ఫోన్‌లో దేవుడి బొమ్మ పెట్టుకుని దండం పెట్టుకుంది.

బట్టలు ఉతుక్కోవచ్చా?

లోదుస్తులు, పిల్లల చొక్కాలు సింకులో జాడించుకోవచ్చు. చాలా షవర్లలో ఒక గోడ నుంచి ఎదురుగోడకు లాగి కొక్కేనికి తగిలించే సన్నటి దండెం ఉంటుంది. గుండ్రటి చిన్న డబ్బీలా కనిపిస్తుంది, అదేమిటో తెలియక వదిలేస్తారు. బాత్రూములో గాలి లాగే రంధ్రం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి గదిలోకన్నా అక్కడే త్వరగా ఆరతాయి. జీన్సు ఆరదు. చీర ఆలోచనే వద్దు. బాల్కనీ కడ్డీల మీద ఆరేయడం నిషేధం, గాలికి ఎగిరి సముద్రంలో పడతాయి. ప్రిన్సెస్, డిస్నీ ఓడల్లో, కొన్ని కార్నివాల్ ఓడల్లో మనమే వేసుకునే వాషింగ్ మెషీన్లుంటాయి. రాయల్ కరీబియన్‌లో ఉండవు, లాండ్రీకి ఇవ్వాల్సిందే.

వాసన వస్తుందా?

ఎప్పుడో ఒకసారి. జాలీ కింద వంపు గొట్టంలో నిలిచే నీళ్లే మురుగు వాసనను అడ్డుకుంటాయి. అవి ఎండినా, ఊపుకు ఒలికినా వాసన పైకొస్తుంది. నేల జాలీలో ఒక సీసా నీళ్లు పోసి చూడండి. రెండు పూటలైనా పోకపోతే చెప్పండి, గది మార్చమనండి.

నలుగురం ఒకే గదిలో ఉంటాం. పొద్దున్నే ఎలా?

పొద్దున్న కన్నా సాయంత్రం కష్టం. ఈత కొలను నుంచి అందరూ ఒకేసారి వస్తారు, భోజనానికి ఒకేసారి తయారవ్వాలి. మేము వంతులు వేసుకుంటాం, తడి జుట్టువాళ్లు ముందు. చాలామందికి తెలియని దారి ఇంకోటుంది. జిమ్, స్పా పక్కన బట్టలు మార్చుకునే గదుల్లో షవర్లుంటాయి. చాలా ఓడల్లో వాటికి డబ్బు అక్కర్లేదు, గదిలోవాటికి రెండింతలు ఉంటాయి. ఒడ్డు మీద తిరిగి వచ్చిన రోజు నేను నేరుగా అక్కడికే పోతాను.

కుటుంబాల కోసం ఆలోచించి కట్టిన ఓడలూ ఉన్నాయి. డిస్నీ వాళ్లు 1998లో దింపిన మ్యాజిక్ నుంచీ చాలా క్యాబిన్లలో బాత్రూమును రెండుగా విడగొట్టారు: ఒకదాంట్లో కమోడ్, సింకు, ఇంకోదాంట్లో తొట్టి, షవర్, మరో సింకు. పిల్లలున్నవాళ్లకు దీన్ని మించింది లేదు, ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది. దీనికి పూర్తిగా తలకిందులు 2010 నాటి నార్వీజియన్ ఎపిక్. అందులో చాలా గదుల్లో సింకును పడకగదిలోనే పెట్టి, గుమ్మానికి ఒకవైపు షవర్, ఇంకోవైపు కమోడ్, మసక గాజు తలుపులు వేశారు. భార్యాభర్తలకైతే సరే. అత్తమామలతో ఒకే గదిలో వెళ్లేవాళ్లు అలాంటి ఓడ బుక్ చేసే ముందు గది ఫొటో చూసుకోండి.

విరేచనాల జబ్బులు వ్యాపిస్తాయట కదా?

నోరోవైరస్ గురించి మీరు విన్నది నిజమే. చేతికి రాసుకునే శానిటైజర్ దానిమీద అంతగా పనిచేయదు. సబ్బుతో ఇరవై సెకన్లు రుద్ది కడగడమే మందు, కమోడ్ వాడాకా, తినేముందూ. గదిలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు మొదలైతే దాచకుండా వైద్యుడికి చెప్పండి, వచ్చి బాత్రూమును మందుతో కడుగుతారు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తనిఖీ చేసి వందకు మార్కులు వేస్తుంది, 86 వస్తేనే పాస్. ఆ మార్కులు ఎవరైనా చూడొచ్చు. నేను బుక్ చేసే ముందు చూస్తాను.

మొదటి రోజు, చివరి రోజు సంగతి?

ఎక్కిన రోజు గది చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే చేతికొస్తుంది, పెద్ద పెట్టెలు ఇంకా ఆలస్యం. సీసా, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. దిగే ముందురోజు రాత్రి పెట్టెలు గుమ్మం బయట పెట్టేయమంటారు. మా బావమరిది స్నానాల సామాను, రేపటి ప్యాంటు సహా అన్నీ సర్దేసి పెట్టె బయటికి తోశాడు. మర్నాడు నైట్ ప్యాంటులో కస్టమ్స్ దాటాడు. మీరు గది వదిలేముందు షవర్ తలుపు వెనుక కొక్కెం, దండెం, సింకు కింద అర చూసుకోండి. మా ఎర్ర సీసా ఒకటి అలాగే సింకు కింద ఉండిపోయింది.